కొత్తమ్మవారి ఇంటిపేరు

మా ప్రయోగశాలలో మనుషులకంటే కుర్చీలే ఎక్కువ. వరండా పొడుగునా స్టూళ్ళు, మెట్ల మలుపులో బల్ల, లిఫ్టులో గోడకి మడిచిపెట్టే పీట. అన్నీ నా ఒక్కదాని కోసం వేయించినవే. నేను అలుపుమనిషిని. ఈ మాటకి విశాఖలో ఇప్పుడెవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. మా వయసువాళ్ళున్న ప్రతి వీధిలోనూ నలుగురైదుగురం ఉన్నాం. బస్సుల్లో మాకు విడిగా సీట్లున్నాయి, రేషన్ క్యూలో బల్లలున్నాయి, పెళ్ళిళ్ళలో మేము కూర్చున్నచోటికే వధూవరులు వచ్చి అక్షింతలు వేయించుకుంటారు.

నా పేరు సింహాచలం. మా వైపు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా పెట్టే పేరిది. పై రాష్ట్రాల సభల్లో "డాక్టర్ సింహాచలం" అని పిలిచి మీసాల మనిషి కోసం వెతికేవారు. నేను లేచి వేదిక ఎక్కేసరికి వాళ్ళకి విసుగొచ్చేది, నాకు ఆయాసం వచ్చేది. ఇప్పుడు సభలకి వెళ్ళడం మానేశాను.

ఎర్ర ఫ్లూ వచ్చిన ఏడు నా కూతురు హైమ చంకబిడ్డ. జ్వరం ముదిరి ఊపిరందకపోతే నాకు నీలం మందు ఎక్కించారు. అప్పటికది కొత్త. ఆర్ఎన్ఏ జాతి వైరస్ ఏదైనా సరే, ఫ్లూ గానీ డెంగ్యూ గానీ తట్టు గానీ, తనలాంటివాటిని పుట్టించాలంటే ఆర్ఎన్ఏ గొలుసు అల్లుకోవాలి. ఆ అల్లికలో ఒక తప్పుడు పూస దూర్చి గొలుసు తెంపేస్తుంది నీలం మందు. వైరస్ చచ్చింది, నేను బతికాను. కాకపోతే మన ఒంట్లో ప్రతి కణంలోనూ శక్తి పుట్టించే చిన్న పొయ్యి ఒకటుంటుంది, మైటోకాండ్రియా అంటాం. దాని లోపలా అలాంటి అల్లికే జరుగుతుంది. మందుకి అయినవాళ్ళెవరో కానివాళ్ళెవరో తెలియలేదు. పొయ్యి ఆరలేదు గాని సెగ తగ్గిపోయింది. అది మళ్ళీ పెరగదు.

హైమని అలాగే పెంచాను. నేను చాప మీద పడుకుని ఉంటే అది చాప చుట్టూ తిరిగేది. ముందు పాకింది, తరవాత నడిచింది, తరవాత పరిగెత్తింది. పట్టుకునేవాళ్ళు లేకపోతే పిల్లలకి పరుగు బాగా వస్తుందనుకుంటాను. ఇప్పుడది విజయనగరంలో ఒక ఆడపిల్లల బడిలో ఖో-ఖో కోచ్. పెళ్ళయింది. ఐదో నెల కడుపుతో కూడా పిల్లలతో పాటు మైదానం చుట్టూ నడిచి వచ్చేదని అల్లుడు గిరి ఫిర్యాదు చేసేవాడు.

నీలం మందుకి తోడు పసుపు మందు కూడా ఉంది. అది డీఎన్ఏ జాతికి. ఆటలమ్మ, హెపటైటిస్ బి, పులిపిర్లు, ఆ ఇంటివన్నమాట. పసుపు మందు పడితే అలుపు రాదు. జుట్టు ఊడి మళ్ళీ మొలుస్తుంది. కాని కడుపులో బిడ్డ ఉంటే నిలవదు, ఆ తరవాత ఇంక కడుపు పండదు. డీఎన్ఏ అల్లికని ఆపే మందు కదా, ఎదిగే ప్రాణాన్ని చూసి ఆగదు.

కాబట్టి పట్టింది ఏ జాతి వైరసో ముందు తెలియాలి. కంటికి తెలియదు. ఆటలమ్మకీ తట్టుకీ రెంటికీ ఒళ్ళంతా పేలుతుంది, రెంటినీ అమ్మవారనే దణ్ణం పెడతాం. కాని ఒకటి డీఎన్ఏ ఇంటిది, ఒకటి ఆర్ఎన్ఏ ఇంటిది. అందుకే మేము పెట్టె తయారుచేశాం. దాని అసలు పేరు బారెడుంది. మా కుర్రాళ్ళు మాత్రం ఇంటిపేరు పెట్టె అన్నారు, అదే నిలిచిపోయింది. పెళ్ళిసంబంధం వస్తే ముందు ఇంటిపేరేగా అడుగుతాం.

పెట్టె టిఫిన్ క్యారేజీ అంత ఉంటుంది. లోపల రెండు సన్నటి కాలువలు. ఒకదాంట్లో ఆర్ఎన్ఏని మాత్రమే తినే ఎంజైము, రెండోదాంట్లో డీఎన్ఏని మాత్రమే తినేది. రోగి నెత్తురుచుక్క రెంటిలోకీ పారుతుంది. వైరస్ జాడ ఏ కాలువలో మాయమైతే అదే దాని ఇల్లు. నీలం దీపం వెలిగితే నీలం మందు, పసుపు దీపం వెలిగితే పసుపు మందు. మూడో దీపం లేదు.

కిందటేడు కొండల వైపు నుంచి కొత్తమ్మవారు దిగింది. జ్వరం, ఒంటినిండా నీటిపొక్కులు. పొక్కులు మాడతాయి, వేపాకు నీళ్ళతో స్నానం పోయిస్తారు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తరవాత రెండో జ్వరం వస్తుంది. మందు పడకపోతే అది మనిషిని నిలవనివ్వదు.

ఒంటి మీద అమ్మవారుండగా సూది పొడిస్తే అపచారం. వేపరెమ్మల రొట్ట కట్టిన గుమ్మాల్లోకి మా సిబ్బందిని రానివ్వలేదు. పోలీసుల్ని పంపుదామన్నారు పెద్ద అధికారులు. నేనే అడ్డుపడ్డాను. స్నానం పోయించేదాకా మేము గుమ్మం తొక్కం, స్నానమయ్యాక మీరే వచ్చి నెత్తురివ్వండి అని ఊరి పెద్దలతో ఒప్పందం కుదిర్చాను. జనం తమంతట తామే వచ్చారు. తీసిన ప్రతి చుక్కకీ పసుపే వెలిగింది. కొత్తమ్మవారిది డీఎన్ఏ ఇల్లని తేల్చేశాం. జిల్లా అంతటా పసుపు మందు పంచాం, చావులు ఆగాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం నా దగ్గర పనిచేసే జోసెఫ్ గదిలోకి వచ్చి, "కూర్చోండి మేడమ్," అన్నాడు.

"కూర్చునే ఉన్నాను కదయ్యా."

"అయినా సరే, కూర్చోండి." అతను తలుపు దగ్గరగా వేశాడు. "విజయనగరం నుంచి వచ్చిన శాంపిళ్ళలో హైమ గారిది ఉందండి. పసుపు."

వెంటనే గిరికి ఫోన్ చేశాను.

"చెప్పొద్దని హైమే అంది అత్తయ్యా. మీకు చెప్తే లేచి వచ్చేస్తారు, దార్లో పడిపోతారని అంది. మొన్న స్నానం పోయించారు. రాత్రి మళ్ళీ జ్వరం తగిలింది. రేపు సాయంత్రం పసుపు మందు మొదలెడతామంటన్నారు."

"కడుపు సంగతి చెప్పారా దానికి?"

"చెప్పారు. గోడకేసి తిరిగి పడుకుంది. నాతో కూడా మాటాడట్లేదు."

ఫోన్ పెట్టేశాను, ఏడవలేదు. ఏడవడం కూడా పనే, దానికీ ఓపిక కావాలి. తరవాత జోసెఫ్‌ని హైమ శాంపిల్ మళ్ళీ పెట్టమన్నాను. పసుపు నిలకడగా వెలగబోయే ముందు నీలం దీపం ఒక్కసారి మెరిసి ఆరింది.

ఆ మెరుపు మాకు కొత్త కాదు. కొత్తమ్మవారి శాంపిళ్ళన్నిటికీ మెరిసేది. మా పక్క వీధిలో ఐస్ ఫ్యాక్టరీ ఉంది, దాని మోటారు తిరగడం మొదలెట్టినప్పుడల్లా మా భవనంలో దీపాలన్నీ కొట్టుకుంటాయి. అందుకని ఆ నీలం మెరుపుని కూడా ఐస్ ఫ్యాక్టరీ ఖాతాలో రాసేశాం. ఈసారి కన్నకూతురు కాబట్టి పెట్టెని ఇన్వర్టర్ మీదికి మార్పించి చూశాను. మళ్ళీ మెరిసింది.

"జోసెఫ్, స్నానం నాటికి నెత్తుట్లో వైరస్ ఎంతుంటుంది?"

"దాదాపు ఉండదండి. అందుకే పెట్టె తెల్లకణాల్ని చిదిపి లోపల వెతుక్కుంటుంది."

"అయితే ఇన్నాళ్ళూ మనం చూసిందంతా లోపల దొరికినదే."

ఆర్ఎన్ఏగా వచ్చి, కణంలో దూరాక డీఎన్ఏగా మారి, మన డీఎన్ఏలోనే కలిసిపోయే వైరసులున్నాయి. ఎయిడ్స్‌ది అలాంటిదే. ఇల్లరికం వచ్చిన అల్లుడి లాంటివి. పెట్టె తలుపు తీసి, లోపల పీటేసుకుని అన్నం తింటున్నవాణ్ణి చూసి, వీడు ఈ ఇంటివాడే అని చెప్పింది.

"స్నానానికి ముందు తీసిన నెత్తురుంటే తేలిపోతుందండి," అన్నాడు జోసెఫ్.

అలాంటిది మా దగ్గర ఒక్కటీ లేదు. వద్దన్నది నేనే.

మర్నాడు పొద్దున్నే కారులో పెట్టె పెట్టుకుని విజయనగరం వెళ్ళాను. గిరి ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంట్లో మా వియ్యపురాలు కొండమ్మ వదిన ఒక్కతే ఉంది. నన్ను చూడగానే గుమ్మంలోనే కూలబడింది.

"కొత్త బట్ట కట్టించాను, సలివిడి పెట్టాను, మొక్కని దేవత లేదు వొదినా. మళ్ళీ ఎందుకొచ్చినాదో ఆ జొరం."

ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. స్నానానికి ముందు వాడిన దుప్పట్లు, చీరలు ఏమైనా ఉతక్కుండా ఉన్నాయా అని అడిగాను. అన్నీ చాకలికి వేసేసిందట.

"దురద పుడితే ఏం చేసింది హైమ?"

"ఇంకేటి సేస్తాది? గోరు తగలకూడదు కదా. వేపరొట్టతోనే నిమురుకునీది. నానూ నిమిరీదాన్ని."

"ఆ రొట్టలెక్కడున్నాయి వదినా?"

"అయ్యి తొక్కకూడదు, కాల్చకూడదు. ఏట్లో కలపాల. ఈ గోలలో ఏటికెవులెల్తారు? సూరులో దోపీసి ఉంచాను."

చూరులోంచి తీసి ఇచ్చింది. రొట్టలు ఎండి గలగలమంటున్నాయి. ఆకుల అంచుల్లో పొక్కుల నీరు పొలుసుగా అంటుకుని ఉంది. ఆమె టీ పెడతానని లోపలికెళ్ళింది. నేను ఆ పొలుసు గీకి, మందునీటిలో నానబెట్టి, పెట్టెలో పోసి, అరుగు గోడకి ఆనుకుని కూర్చున్నాను. వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుపోతున్నారు.

నీలం వెలిగింది. మెరుపు కాదు, నిలకడగా.

నిజానికి నేను సంతోషించాలి. లోపల కాపరం పెట్టినది మళ్ళీ బయటికి రావాలంటే ఆర్ఎన్ఏగానే రావాలి, రెండో జ్వరమంటే ఆ రాకే. నీలం మందు ఆ దారి మూసేస్తుంది. హైమ బతుకుతుంది, బిడ్డ నిలుస్తుంది. వచ్చినది కొత్త కణాల్లో డీఎన్ఏగా మారకుండా ఆపి పసుపు మందు కూడా హైమని బతికిస్తుంది, బిడ్డ మాత్రం ఉండదు. ఇవన్నీ నాకు ఒక్కసారే తెలిశాయి. వాటితో పాటు, నీలం మందు పడితే హైమ ఇంక పరిగెత్తదని కూడా తెలిసింది.

పొద్దున లేచిన దగ్గర్నుంచీ లెక్కే. పళ్ళు తోముకుంటే స్నానానికి ఉంటుందా ఓపిక, స్నానం చేస్తే అన్నం కలుపుకోవడానికి ఉంటుందా. పిల్ల పడిపోయి ఏడిస్తే లేవలేక చాప మీంచి పిలిచేదాన్ని, అదే ఏడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చేది. ఆ బతుకు నా కూతురికి నా చేతులతో నేనివ్వాలా? పసుపు మందు వేస్తే నాలుగు రోజులు ఏడుస్తుంది, తరవాత లేచి మైదానంలోకి వెళ్తుంది. పెట్టె పసుపనే చెప్పింది. రొట్టకి నీలం వెలిగిందని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పెట్టె ఆపేశాను. రొట్టలు తీసుకెళ్ళి చూరులో దోపేశాను.

"ఏటైనా తెలిసినాదా వొదినా?" అంది కొండమ్మ టీ గ్లాసు అందిస్తూ.

"ఏమీ లేదు వదినా," అని టీ తాగాను.

ఆస్పత్రిలో లిఫ్టు పాడైంది. మూడో అంతస్తుకి కూర్చుంటూ కూర్చుంటూ ఎక్కేసరికి సాయంత్రమైంది. మంచం మీద హైమ మొహం నిండా మాడిన పొక్కుల మచ్చలు. గిరి లేచి నాకు కుర్చీ ఇచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

"ఎందుకొచ్చావమ్మా?" అంది హైమ. "లిఫ్టు లేదు కదా, మెట్లెక్కావేటి?"

"మెల్లిగా ఎక్కాను."

"పెట్టె చేసింది నువ్వే కదా. నువ్వు చెప్పు. నిజంగా ఇంకో దారి లేదేటి?"

"లేదే," అన్నాను.

ఆ మాట అనడానికి నాకు పెద్దగా కష్టం కాలేదు. అదే నాకు ఇప్పటికీ భయం. అది తల ఊపి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. నర్సు వచ్చి పసుపు సీసా తగిలించింది, గొట్టంలో గాలి తీసింది, దూది తడిపింది.

"నర్సమ్మా, ఒక్క నిమిషం," అంది హైమ. "ముందు మా అమ్మకి ఒక తలగడ ఇయ్యి. వెనకాల ఏటీ లేకపోతే నడుం నిలవదు ఆవిడకి."

బిడ్డని పోగొట్టుకోబోతూ నా నడుం సంగతి చూస్తోంది. నర్సు తలగడ తెచ్చి నా వెనక పెట్టింది. నాకు దుఃఖం ఆగలేదు.

"ఆగమ్మా, సూది పెట్టకు," అన్నాను నర్సుతో. తరవాత హైమకి అంతా చెప్పాను, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర్నుంచి చూరు దాకా. గిరి గోడ దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే నేల మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది హైమ.

"పొద్దున."

"పొద్దున తెలిసింది. ఇప్పుడడిగితే లేదన్నావు."

"నీకు తెలీదే, అలుపంటే ఏమిటో. నేను పడ్డది నువ్వు పడకూడదని..."

"నాకు తెలీదేటి? నీ చాప చుట్టూ తిరిగింది ఎవరు?" దాని గొంతు లేచింది. "బడిలో ఆటల పోటీలకి అందరమ్మలూ వచ్చీవారు. నువ్వు రాలేదు. ఏడ్చాను, నీ మీద కోపమొచ్చింది, అబద్ధమెందుకు. ఇంటికొచ్చి కప్పు తెచ్చి నీ పొట్ట మీద పెట్టీదాన్ని. దాన్ని పట్టుకుని పడుకునీదానివి. నేనేటి తక్కువ పెరిగానమ్మా? నువ్వు నన్ను పెంచలేదనుకుంటన్నావా ఇన్నాళ్ళూ?"

అవును, అలాగే అనుకుంటున్నాను. ఎవరితోనూ అనలేదు అంతే.

"పరుగు పోతుందే," అన్నాను చివరికి.

"పిల్లలు పరిగెడతారు. నేను కూచుని విజిల్ ఊదుతాను."

"బిడ్డకి కూడా అలుపు రావచ్చు."

ఈ మాటకి మాత్రం హైమ గిరి వైపు చూసింది. అతను కళ్ళు తుడుచుకుని, "నీ ఇష్టం హైమా. ఎవరెలాగున్నా మోస్తాను," అన్నాడు.

"రావచ్చా, వస్తాదా?" అని అడిగింది నన్ను.

"రావచ్చు. ఎవరం చెప్పలేం."

"అయితే అది నాకు ఒదిలీ. నర్సమ్మా, ఆ సీసా తీసీ."

నీలం మందు ఆ రాత్రే మొదలెట్టారు. వారం తిరిగేసరికి జ్వరం దిగింది. మంచం దిగి బాత్‌రూమ్ దాకా నడిచిన రోజు హైమ తలుపు చెక్క పట్టుకుని ఆగి నావైపు చూసింది. నేను నా పక్కనున్న స్టూలు దాని వైపు జరిపాను.

మా పెట్టె చెప్పింది సగమేనని బయటపెడతానన్నప్పుడు పై అధికారులు బతిమాలారు. మనుషులు బతికారు కదా మేడమ్, ఇప్పుడు కెలికి ఏం లాభం అన్నారు. జోసెఫ్ నేనూ కలిసి బయటపెట్టేశాం. పసుపు మందు వేయించుకున్న ఆడవాళ్ళు ఊళ్ళ నుంచి వచ్చారు. అరుస్తారనుకున్నాను. వరండాలో నా స్టూళ్ళ మీద వరసగా కూర్చున్నారు. అందులో ఈశ్వరమ్మ అని పెళ్ళయి ఏడాది తిరగని పిల్ల ఒకటే అడిగింది.

"మీ అమ్మాయిగారిని అడిగారంట కదండీ, ఏ మందు కావాలని. మమ్మల్నెవులూ అడగలేదండి."

"అడగడానికి ఇంకో దారి ఉందని అప్పుడు నాకు తెలీదమ్మా. వెతికి చూడలేదు. తప్పు నాదే," అన్నాను. ఆ పిల్ల తల ఊపింది. క్షమించిందని నేననుకోను. వచ్చినవాళ్ళందరూ చీకటి పడకముందే బస్సులకి వెళ్ళిపోయారు. నేను మూడు రోజులు మంచం దిగలేదు.

కొండమ్మ వదిన ఫోన్ చేసి, "మా ఆచారం వల్లేనా వొదినా ఇంతానూ?" అని అడిగింది.

"మీ ఆచారానిదేముంది వదినా. దానికి తలూపి, ఆ తరవాత పెట్టె పలికిందే వేదమన్నది నేను," అన్నాను.

ఇప్పుడు మావాళ్ళు సూదులు పట్టుకెళ్ళడం లేదు. గుమ్మం బయటే నిలబడి, రోగిని నిమిరిన వేపరొట్ట ఒకటి అడుగుతారు. అమ్మవారు ఒంటిమీదుండగానే ఇస్తున్నారు, ఎవరూ కాదనలేదు. రెండిళ్ళ వైరస్ అయితే వెలగడానికి పెట్టెకి మూడో దీపం బిగించాం. అది వెలిగితే మందు పేరు చెప్పం, మనిషినే అడుగుతాం.

హైమకి నెలలు నిండాయి. నొప్పులు పడే ఓపిక దానికి లేదని ఆపరేషన్ చేశారు. నడుం కిందికే మత్తిచ్చారు కాబట్టి మెలకువగానే ఉంది. డాక్టరమ్మ నాకు గౌను తొడిగి దాని తల దగ్గర స్టూలు వేసింది. అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డ అవతల ఏం జరుగుతోందో హైమకి కనిపించదు, నాకు కనిపిస్తుంది. నీలం మందు ఎక్కించుకున్న తల్లుల బిడ్డలు కొందరు పుట్టగానే ఏడవరు. ఏడవడానికి చాలా శక్తి కావాలి. అందుకని గదిలో అందరం ఆ ఏడుపు కోసమే చెవులప్పగించాం.

ఆడపిల్ల. ఎర్రగా, నిండుగా ఉంది. డాక్టరమ్మ అరికాలు మీద చిటికె వేసింది. వీపు రుద్దింది. పిల్ల గుండె లేచి పడుతోంది, ఊపిరి బాగానే ఆడుతోంది. కళ్ళు సగం తెరిచి మా అందరినీ ఒక చూపు చూసి, నోరు ఇంత పెద్దగా తెరిచింది.

"ఏడ్చిందా అమ్మా?" అంది హైమ. "నాకు వినపడలేదు."

ఏడ్చిందని అనేయొచ్చు. గదిలో ఎవరూ కాదనేవాళ్ళు లేరు.

"లేదే. ఆవలించింది," అన్నాను.

హైమ కళ్ళు మూసుకుంది. దాని కణతల మీంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి. నర్సు పిల్లని గుడ్డలో చుట్టి తెచ్చి దాని బుగ్గ పక్కన ఆనించింది. పిల్ల మళ్ళీ ఆవలించింది. ఆవలింతకి అన్న ఉన్నాడు గాని తుమ్ముకి తమ్ముడు లేడంటారు. హైమ ఆవలించింది, నేను ఆవలించాను, ఏ మందూ ఎక్కించుకోని నర్సు కూడా మాస్కు వెనక ఆవలించి సిగ్గుపడింది. ఏడుస్తూనే హైమకి నవ్వొచ్చింది. అది మెల్లిగా మొహం పక్కకి తిప్పి, పెదవులు పిల్ల నుదుటికి ఆనించి, ఎవరో తరుముతున్నారేమో అన్నట్టు గట్టిగా కళ్ళు మూసుకున్న ఆ గుప్పెడు ప్రాణంతో అంది.

"తొందరేటీ లేదులే అమ్మా. ఓపికొచ్చినప్పుడు ఏడుద్దువు గాని."